ధూళి బొమ్మలూ మనిషి ముఖమూ: లిచ్టెన్‌బెర్గ్ వాదం

ఆ మధ్య విద్యార్థుల కథల పోటీకి వచ్చిన రాతప్రతులు చూడవలసిన పని నా మీద పడింది. నలభైకి పైగా కథలు. వడ్డీ వ్యాపారి కనిపించిన ప్రతిచోటా అతనికి బానపొట్ట వుంది, లేకపోతే మెల్లకన్ను వుంది, అదీ లేకపోతే గారపట్టిన పళ్ళున్నాయి. భూస్వామికి బుర్రమీసాలూ ఎర్రజీరల కళ్ళూ తప్పవు. కూలివాడి కూతురు మాత్రం కోలముఖంతో, చక్కని కళ్ళతో వుంటుంది. ఈ కథలు రాసిన పిల్లలు అభ్యుదయ భావాలున్నవాళ్ళే. దోపిడీ మీద వాళ్ళ కోపం నిజమైనదే. అయితే ఆ కోపాన్ని వ్యక్తం చెయ్యడానికి వాళ్ళు చేతిలోకి తీసుకున్న పనిముట్టు ఎవరిది? అది అవతలి పక్షంవాళ్ళ ఆయుధశాలలోది అని చెబితే వాళ్ళు నమ్మలేదు. ఈ వ్యాసం వాళ్ళకోసమే మొదలుపెట్టాను.

చెడ్డవాడు చెడ్డగా కనిపిస్తాడన్న నమ్మకం మన సాహిత్యానికి కొత్తది కాదు. మంథర గూనిది. భాగవతంలో కుబ్జ మంచిదే. కాని ఆ మంచితనానికి ఫలితం దక్కాలంటే కృష్ణుడొచ్చి ఆమె వెన్ను నిటారు చెయ్యాలి. గూనివాళ్ళకి మన పురాణాలు కేటాయించిన స్థానాలు ఈ రెండే: దుష్టత్వం, లేదా స్వస్థత. అష్టావక్రుడున్నాడు కదా అనవచ్చు. జనకుడి సభలో పండితుణ్ణి ఓడించిన ఆ మహాజ్ఞానిని కూడా భారతం వూరికే వదల్లేదు. కథ చివర సమంగా నదిలో ముంచి, వంకరలన్నీ తీర్చి పంపించింది.

18వ శతాబ్దపు జర్మనీలో ఒక గూని మనిషి ఈ నమ్మకానికి ఎదురు నిలబడి కలంపట్టాడు. ఆయన వృత్తిరీత్యా కవీ కాదు, సాహిత్య విమర్శకుడూ కాదు. విద్యుత్తు మీద ప్రయోగాలు చేసి చూపించే భౌతికశాస్త్ర అధ్యాపకుడు. పేరు గియోర్గ్ క్రిస్టోఫ్ లిచ్టెన్‌బెర్గ్. గూని మనిషి కాబట్టి తన్ను తాను సమర్థించుకోవడానికి అలా వాదించాడని కొట్టిపారెయ్యడం తేలిక. నా ఉద్దేశంలో అది గూని మనిషి వాదం కాదు, ప్రయోగం చేసేవాడి వాదం. ఈ తేడా రచయితలకి ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే ముందు ఆయన జీవితంలోకీ, ఆ తర్వాత ఆయన ప్రయోగశాలలోకీ వెళ్ళాలి.

1742 జులై 1న డార్మ్‌స్టాట్ దగ్గర ఓబర్‌రామ్‌స్టాట్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి చర్చి ఫాదరీ. పదిహేడుమంది సంతానంలో ఈయన ఆఖరివాడు. ఆ పిల్లల్లో చాలామంది పసితనంలోనే పోయారు. ప్రకృతిశాస్త్రాల మీద ఆసక్తి వున్న ఆ తండ్రి 1751లో చనిపోయాడు. పిల్లవాడి వెన్నెముక చిన్నప్పుడే వంగిపోయింది, వయసుతోపాటు గూని పెరిగి ఊపిరి ఆడటం కూడా కష్టమయ్యేది. తల్లికి చదివించే శక్తి లేదు. స్థానిక ప్రభువు ఇచ్చిన వేతనంతో 1763లో గోటింగెన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. ఇక చచ్చేదాకా ఆ ఊరే ఆయన ఊరు.

అప్పటికి జర్మనీ అనే ఒక దేశం లేదు. వందలకొద్దీ సంస్థానాలు, ఎవరి నాణెం వారిది, ఎవరి కొలత వారిది. గోటింగెన్ వున్న హనోవర్ సంస్థానానికి ప్రభువు ఇంగ్లండు రాజే. 1737లో తెరిచిన ఆ విశ్వవిద్యాలయం మిగతా జర్మన్ విద్యాలయాలకంటే మత పండితుల అదుపుకి దూరంగా వుండేది. ఇంగ్లండు గాలి అక్కడికి సులభంగా వీచేది. 1770లో ఆచార్య పదవి పొందిన లిచ్టెన్‌బెర్గ్ ఆ ఏడూ, మళ్ళీ 1774, 75లలోనూ ఇంగ్లండు వెళ్ళాడు. మూడో జార్జి రాజు ఆయనతో స్నేహంగా మాట్లాడేవాడు. రాజుకంటే ఆయన్ని ఆకట్టుకున్నవి లండను వీధులు, కర్మాగారాలు, నాటకశాలలు. జర్మన్ ఫ్యూడల్ సంస్థానంలోంచి వెళ్ళిన మనిషికి అక్కడ వర్తమానం కనిపించింది. డేవిడ్ గారిక్ హామ్లెట్ పాత్ర వెయ్యగా చూసి, ఆ నటన గురించి రాసిన లేఖలు జర్మన్ పత్రికలో అచ్చయ్యాయి. వాటి సంగతి మళ్ళీ వస్తుంది.

1777లో ఆయన సహాధ్యాపకుడు ఎర్క్స్‌లేబెన్ చనిపోవడంతో, ప్రయోగాత్మక భౌతికశాస్త్రం బోధించే పని ఈయన మీద పడింది. జర్మనీలో ఆ విషయానికే ప్రత్యేకించిన మొదటి ఆచార్యుడిగా చరిత్ర ఆయన్ని చెప్పుకుంటుంది. అంతవరకూ భౌతికశాస్త్రం అంటే పుస్తకం చదివి వ్యాఖ్యానించడమే. మన పాత పాఠశాలల్లో తర్కశాస్త్రం చెప్పినట్టు. ఈయన పాఠంలో పరికరం ముందొస్తుంది, మాట తర్వాత వస్తుంది. పరికరాలు చాలావరకు సొంత డబ్బుతో కొన్నాడు. హైడ్రోజన్ నింపిన తిత్తులు తరగతిలో ఎగరేసేవాడు. వందమందికి పైగా విద్యార్థులు వచ్చేవారు. వాళ్ళలో అలెగ్జాండర్ హంబోల్ట్ ఒకడు, కుర్రవాడిగా వచ్చి కూర్చున్న గౌస్ మరొకడు. మిత్రుడి పాఠ్యపుస్తకాన్ని తన వ్యాఖ్యలతో మళ్ళీ మళ్ళీ అచ్చువేశాడే తప్ప సొంత పాఠ్యపుస్తకం పూర్తిచెయ్యలేదు. పాఠ్యపుస్తకం రాయలేకపోవడం మంచి ఉపాధ్యాయుడి లక్షణాల్లో ఒకటేమో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

ఇక ఆయన పేరు నిలబెట్టిన ప్రయోగం. 1775లో ఇటలీలో వోల్టా ఎలక్ట్రోఫోరస్ అనే పరికరాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. సంగతి సులువైనది. గుగ్గిలంలాంటి పదార్థాన్ని కరిగించి పళ్ళెంలో పోసి బిళ్ళగా ఆరబెడతారు. బొచ్చుతోలుతో దాన్ని రుద్దితే విద్యుత్తు పుడుతుంది. పిడి వున్న లోహపు మూత దానిమీద పెట్టి, మూతని ఒకసారి వేలితో తాకి పైకెత్తితే మూతలో ఆవేశం నిలుస్తుంది, వేలు దగ్గరపెడితే నిప్పురవ్వ రాలుతుంది. తల దువ్విన దువ్వెన కాగితం ముక్కల్ని లాగడం చూసిన బడిపిల్లలకి ఇది కొత్తేమీ కాదు. లిచ్టెన్‌బెర్గ్ చేసిందల్లా దాన్ని దాదాపు రెండు మీటర్ల వెడల్పుకి పెంచడం. చిన్నదాంట్లో కనిపించనిది పెద్దదాంట్లో కనిపించవచ్చునని ఆయన ఆశ.

కనిపించింది, కాని ఆశించిన చోట కాదు. బిళ్ళని చిత్రికపట్టి నున్నగా చేస్తున్నప్పుడు గుగ్గిలం ధూళి గదంతా లేచింది. అన్నిటిమీదా పేరుకుని చికాకుపెట్టింది. లోహపు మూత ఎత్తినప్పుడు ఆ ధూళి బిళ్ళమీద రాలింది. రాలినది సమంగా పరుచుకోలేదు. అక్కడక్కడా నక్షత్రాలుగా, పాయలుపాయలుగా చీలిన కిరణాలుగా అమరింది. తుడిచేశాడు. మళ్ళీ రాలితే మళ్ళీ అవే చోట్ల అవే బొమ్మలు. అప్పుడాయన ధూళిని తిట్టుకోవడం మాని, తనే పొడి చల్లడం మొదలుపెట్టాడు.

ధనావేశం తగిలించిన చోట పొడి చల్లితే సూర్యుడిలా కిరణాలు చిమ్మిన బొమ్మ, చెట్టు కొమ్మల్లా చీలినది. ఋణావేశం తగిలించిన చోట గుండ్రంగా, మబ్బుతునకలా, వలయాలుగా వున్న బొమ్మ. దీని వెనక వున్న కారణం ఇవాళ తెలుసు. ధనావేశం చుట్టూ వున్న గాలిలోంచి ఎలక్ట్రాన్లని తనవైపు లాక్కుంటుంది; ఆ లాగుడు కొనలు కొనలుగా సాగి పాయలు కడుతుంది. ఋణావేశం ఎలక్ట్రాన్లని బయటికి తోస్తుంది. అవి చెదిరి దగ్గర్లోనే నిలిచిపోతాయి. లిచ్టెన్‌బెర్గ్ కాలానికి ఎలక్ట్రాను లేదు. విద్యుత్తు ఒక ద్రవమా, రెండు ద్రవాలా అని యూరప్ అంతా రెండు ముఠాలుగా తగువులాడుకుంటోంది. ఆయన ఏ ముఠాలోనూ చేరలేదు. గణితంలోని కూడిక గుర్తునీ తీసివేత గుర్తునీ తెచ్చి ఆవేశాలకి పెట్టాడు. ఒకటైనా రెండైనా ఆ గుర్తులు చెల్లుతాయి. తెలియనిదాన్ని తెలిసినట్టు పేరుపెట్టి మూసెయ్యకుండా, తెలిసినంతవరకే గుర్తుపెట్టే నిగ్రహం అందులో వుంది. బ్యాటరీల మీద ఇవాళ మనం చూసే గుర్తుల చరిత్రలో ఆయనకి ఈ భాగం వుంది.

1778లో ఈ సంగతులు లాటిన్ భాషలో గోటింగెన్ శాస్త్ర సంఘం ముందు పెట్టాడు. జిగురు పూసిన నల్ల కాగితాన్ని బొమ్మమీద అద్ది, ఆ పొడి చిత్రాన్ని కాగితం మీదికి ఎత్తుకునే పద్ధతి కూడా ఆయనదే. ఆవేశం వున్న చోటే పొడి అంటుకుంటుంది, దాన్ని కాగితానికి ఎక్కించవచ్చు. ఈ సూత్రం మీదే 1938 అక్టోబరు 22న న్యూయార్కులో చెస్టర్ కార్ల్‌సన్ గంధకం పూసిన పలకమీద పొడి చల్లి మొదటి నకలు తీశాడు. అదే తర్వాత జిరాక్స్ అయింది. దొరకని పుస్తకాన్ని జిరాక్స్ తీయించి చదువుకున్న ప్రతి సాహిత్య విద్యార్థీ ఈ గూని ఉపాధ్యాయుడికి కొంత బాకీ వున్నాడు. బాకీల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. నిడివిని వెడల్పుతో భాగిస్తే రెండు వర్గమూలం వచ్చేలా కాగితాన్ని కోస్తే, సగానికి మడిచినా ఆకారం మారదన్న విషయాన్ని 1786లో ఆయన ఒక ఉత్తరంలో రాశాడు. మనం రాసే ఏ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 నిడివి. ఆ నిష్పత్తే.

ఇప్పుడు ముఖం దగ్గరికి రావచ్చు. విద్యుత్ బొమ్మలు కంటపడిన కాలంలోనే, జూరిచ్‌లో లావాటర్ అనే ఫాదరీ 1775 నుంచి 1778 దాకా నాలుగు పెద్ద సంపుటాలు ప్రచురించాడు. ముఖ సాముద్రికం ద్వారా మనిషి శీలం తెలుసుకోవచ్చనీ, అలా తెలుసుకుంటే మానవులమధ్య ప్రేమ పెరుగుతుందనీ ఆయన సిద్ధాంతం. నుదురు, ముక్కు, గడ్డం, వీటి రేఖల్లో ఆత్మ రాసి వుంటుందట. యువకుడైన గేటే కూడా ఆ గ్రంథానికి సాయపడ్డాడు. బొమ్మలతో నిండిన ఖరీదైన పుస్తకం కావటంతో సంస్థానాధీశుల కొలువుల్లో విపరీతంగా చెల్లింది. పెద్దమనుషులు నీడ చిత్రాలు తీయించుకుని తమ ముక్కులో మహత్వం వెతుక్కున్నారు. పనివాణ్ణి ఎన్నుకోవడానికీ ముఖం చూడటం ఫ్యాషనైంది.

లిచ్టెన్‌బెర్గ్ గోటింగెన్‌లో ఒక చిన్న వార్షిక పంచాంగానికి సంపాదకుడు. అంగీ జేబులో పట్టే పుస్తకం. 1778 సంవత్సరపు పంచాంగంలో సాముద్రికుల మీద ఒక వ్యాసం వేశాడు, అదే ఏడు అది విడిగా కూడా వచ్చింది. నాలుగు పెద్ద సంపుటాలకి జేబు పంచాంగంలో జవాబు!

ఆ జవాబు సారాంశం ఇది. మనిషి శరీరం ఆత్మకీ బయటి ప్రపంచానికీ మధ్య వుంది. రెండువైపుల దెబ్బలూ దానిమీద పడతాయి. ముఖం మీద లోపలి ఆలోచనలే కాదు, తిన్న తిండీ, తినని తిండీ, వచ్చిన జబ్బూ, చేసిన పనీ, పెరిగిన చోటి ఎండా చలీ అన్నీ గీతలు గీస్తాయి. ఆ గీతల్లో ఏది శీలం గీసింది, ఏది మశూచి గీసింది అని విడదీసే మార్గం సాముద్రికుల దగ్గర లేదు. నల్లజాతి మనిషి తలలో న్యూటన్ అంతటి బుద్ధి వుండలేదన్న ధోరణిని ఆయన సూటిగానే ఎదుర్కొన్నాడు. ఈ విద్యని నిజంగా నమ్మితే పర్యవసానం ఏమిటో కూడా గుర్తించాడు: నేరం చెయ్యకముందే పిల్లలకి శిక్షపడే రోజు వస్తుంది.

ఇక్కడ ఒక ప్రశ్న అడగాలి. ధూళి బొమ్మ చూసి, లోపల కనిపించని ఆవేశం ధనమా ఋణమా అని చెప్పినవాడు, ముఖం చూసి లోపల కనిపించని శీలం చెప్పవచ్చునంటే ఎందుకు ఒప్పుకోలేదు? రెండూ బయటి గుర్తునిబట్టి లోపలిదాన్ని చదవడమే కదా. పైపైన చూస్తే ఇది వైరుధ్యంలా కనిపిస్తుంది. కాదు. ధూళి విషయంలో ఆయన ముందు ఆవేశాన్ని తన చేత్తో పెట్టాడు, తర్వాత బొమ్మ చూశాడు. ధనం తీసి ఋణం పెడితే బొమ్మ మారింది. మళ్ళీ పెడితే మళ్ళీ అదే బొమ్మ. కారణాన్ని మార్చి కార్యం మారడం చూసినవాడికే గుర్తుని చదివే హక్కు వుంటుంది. లావాటర్ ఏం చేశాడు? పేరుమోసినవాళ్ళ బొమ్మలు తీసుకుని, వాళ్ళ గొప్పతనం ముందే తెలుసు కాబట్టి, ఆ గొప్పతనాన్ని వాళ్ళ నుదుట చదివాడు. నిజాయితీ తగ్గితే ముక్కు వంకరవుతుందా అని పరీక్షించే అవకాశం ఎవరికీ లేదు. జవాబు ముందే దగ్గరపెట్టుకుని లెక్క చేసే విద్యార్థిలాంటిది ఆ పద్ధతి. మా బడిలో దానికి మార్కులు వెయ్యం.

లిచ్టెన్‌బెర్గ్ వాదనతోనే ఆగలేదు. లావాటర్ శైలిని అచ్చంగా అనుకరిస్తూ తోకల సాముద్రికం రాశాడు, 1783లో అచ్చయింది. పందితోకనీ, కుక్కతోకనీ, ఆనాటి విద్యార్థులు కట్టుకునే జడపిలకల్నీ బొమ్మలు వేసి, ఒక్కొక్కదాని వంపులో వీరత్వమూ మేధస్సూ ఎలా తొణికిసలాడుతున్నాయో భావావేశంతో వర్ణించాడు. పేరడీ అంటే ఎదుటివాడి మాటల్ని వెక్కిరించడమని మనలో ఒక అభిప్రాయం వుంది. ఇక్కడ వెక్కిరింపు మాటలమీద కాదు, పద్ధతిమీద. ముక్కు తీసి తోక పెడితే వాక్యం ఏమీ మారకపోవడమే ఆ పద్ధతి డొల్ల అనడానికి రుజువు. చూడబోతే ఇదీ ఒక ప్రయోగమే.

వాదంలో ఆయనే గెలిచాడని విద్యావంతులు అనుకున్నారు. లోకం మాత్రం లావాటర్ వైపే నడిచింది. ఆ తర్వాత గాల్ వచ్చి పుర్రె ఎగుడుదిగుళ్ళలో గుణాలు వెతికాడు. 1876లో ఇటలీలో లొంబ్రోసో పుట్టు నేరస్థుడి దవడనీ చెవులనీ కొలిచి పుస్తకం రాశాడు. ఆ గాలి మన దేశానికీ వచ్చింది. బ్రిటిష్ అధికారి రిజ్లీ ముక్కు వెడల్పుని కొలిచి, దాన్నిబట్టి కులాల హెచ్చుతగ్గులు తెలుస్తాయన్నాడు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ కొలత పరికరాలతో తెలుగు, తమిళ జిల్లాలు తిరిగి తలలూ ముక్కులూ కొలిచాడు; ఆయన పేరుమీద 1909లో దక్షిణ భారత కులాలూ తెగల మీద ఏడు సంపుటాలు వచ్చాయి. అందులో సేకరించిన సమాచారం నేటికీ పరిశోధకులకి పనికొస్తున్నమాట నిజమే, కాని ఆ కొలతల వెనక వున్న నమ్మకం లావాటర్ సంతానమే. నేరస్థ తెగల చట్టం 1871లో మొదలై, 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకలవారిని పుట్టుకతోనే అనుమానితుల్ని చేసి స్టూవర్టుపురంలాంటి సెటిల్‌మెంట్లలో వుంచింది. ఆ చట్టం ముఖం చూడలేదు, పుట్టుక చూసింది. కాని నేరం చెయ్యకముందే నేరస్థుణ్ణి గుర్తుపట్టవచ్చునన్న తర్కం ఒక్కటే. 1952లో గాని అది రద్దు కాలేదు. ఈమధ్య 2016లో చైనా పరిశోధకులు కొందరు ఫోటోలు కంప్యూటరుకిచ్చి నేరస్థుల ముఖాలు పోల్చుకోగలిగామని ప్రకటించారు. ప్రపంచమంతా అభ్యంతరం చెప్పింది. పరికరం మారింది, జవాబు ముందే దగ్గరపెట్టుకునే అలవాటు మారలేదు.

అయితే రచయిత మనిషి బాహ్యరూపాన్ని అసలు చూడకూడదా? ఇక్కడే లిచ్టెన్‌బెర్గ్ మనకి ఎక్కువ పనికొస్తాడు. స్థిరమైన ఎముకల్ని చదవడం వేరు, కదిలే భావచిహ్నాల్ని చదవడం వేరు అని ఆయన స్పష్టంగా విడదీశాడు. కోపం వచ్చినప్పుడు కనుబొమలు ముడిపడతాయి, భయంలో చెయ్యి వణుకుతుంది. ఇవి అందరికీ అర్థమయ్యే భాష. ఎందుకంటే ఇక్కడ కారణమూ కార్యమూ మన కళ్ళముందే జరుగుతాయి: వార్త రాగానే ముఖం పాలిపోయింది. ఆవేశం పెట్టారు, బొమ్మ వచ్చింది. లండనులో ఆయన గారిక్‌ని అలాగే చూశాడు. దయ్యం కనిపించిన క్షణంలో హామ్లెట్ ఎలా వెనక్కి తిరుగుతాడు, చేతులు ఎలా చాస్తాడు, కాళ్ళు ఎలా నిలుస్తాయి అని అంగాంగమూ లేఖల్లో నమోదుచేశాడు. ఆ నటుడి ముక్కు ఎలా వుందన్నది ఆయనకి అక్కరలేదు.

మన అలంకారశాస్త్రం చదివినవాళ్ళకి ఇదేమీ అపరిచితం కాదు. భరతుడు చెప్పిన అనుభావాలూ సాత్త్విక భావాలూ ఇవే కదా. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభంగం, కంపం, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. ఎనిమిదిలో ఒక్కటైనా ముక్కు ఆకారం గురించి కాదు. అన్నీ విభావం తగిలితే పుట్టి, అది తొలగితే పోయేవే. మన ప్రాచీనులు రంగస్థలం మీద అనుభావాన్ని పట్టుకున్నారు. కావ్యంలో మాత్రం సాముద్రికానికి తలవంచి, నాయకుడికి ఆజానుబాహువులు, మంథరకి గూని అతికించారు. ఈ రెండో అలవాటుని ఫ్యూడల్ అవశేషం అనడానికి నాకు సంకోచం లేదు. పుట్టుకే గుణం అనే సమాజానికి శరీరమే శీలం కావడం అవసరం. దోపిడీని వ్యవస్థగా చూడవలసిన రచయిత వడ్డీ వ్యాపారికి మెల్లకన్ను పెట్టగానే, తప్పు వడ్డీలోంచి కన్నులోకి జారుకుంటుంది. అందంగా, మృదువుగా మాట్లాడుతూ, పసిబిడ్డని ఎత్తుకుని ముద్దాడుతూ నూటికి అయిదు నెలవడ్డీ రాయించుకునేవాణ్ణి ఆ పిల్లలు ఎప్పుడూ చూడలేదా? చూశారు. ప్రతి ఊళ్ళోనూ వున్నాడు.

ఇంత చెప్పాక లిచ్టెన్‌బెర్గ్‌ని దేవుణ్ణి చెయ్యడం ఆయనకే అన్యాయం. తానే ఉపదేశించిన పరీక్షకి ఆయన జీవితం అన్నిచోట్లా నిలవదు. లావోసియే కొత్త రసాయనశాస్త్రాన్ని ఏళ్ళతరబడి అనుమానించాడు. నిగ్రహం అక్కడ మొండితనంగా మారింది. 1773లో మతమార్పిడి ఉత్సాహాన్ని ఎగతాళి చేస్తూ రచన చేసినవాడే, తన నోటుపుస్తకాల్లో యూదుల గురించి తుచ్ఛమైన మాటలు రాసుకున్నాడు. ఒక జాతి మొత్తానికి ఒకే ముఖం గీసే తప్పు అదే కదా! 1777లో పువ్వులమ్ముకునే పన్నెండేళ్ళ మరియా స్టెషార్డ్‌ని చేరదీశాడు. 1780 నుంచి ఆమె ఆయన ఇంట్లోనే వుంది, పదిహేడేళ్ళకి 1782లో చనిపోయింది. ఆయన దుఃఖం నిజమే అయివుండవచ్చు. ఆచార్యుడికీ పువ్వులమ్మే పిల్లకీ మధ్య వున్న వయసూ, వర్గమూ ఆ దుఃఖంతో చెరిగిపోవు. ఆ తర్వాత మార్గరెథ్ కెల్నర్ అనే పనిమనిషితో కలిసివుండి 1789లో ఆమెని పెళ్ళాడాడు. ఫ్రెంచి విప్లవాన్ని మొదట ఆహ్వానించి తర్వాత వెనక్కి తగ్గాడు. ఆయనతో కలిసి పత్రిక నడిపిన గియోర్గ్ ఫోర్‌స్టర్ మాత్రం మైంజ్‌లో జాకొబిన్లతో చేరి 1794లో పారిస్‌లో అనామకంగా చనిపోయాడు.

గేటే 1793లో తన వర్ణ సిద్ధాంతం రాతలు పంపి ఆమోదం కోరాడు. లిచ్టెన్‌బెర్గ్ మర్యాదగా, వివరంగా రంగు నీడల గురించి జవాబు రాశాడు. తర్వాతి ఏడాది వచ్చిన పాఠ్యపుస్తకం కొత్త ముద్రణలో మాత్రం ఆ సిద్ధాంతం ప్రస్తావన లేదు. మహాకవి నొచ్చుకున్నాడు. కవిత్వంలో ఎంత గొప్పవాడైనా పట్టకం ముందు అందరితోపాటు నిలబడవలసిందే అన్న సంగతి మన సాహిత్య సభల్లో ఎవరైనా చెప్పగలరా అని ఆలోచిస్తుంటాను.

చివరిగా ఆ నోటుపుస్తకాల సంగతి. విద్యార్థి దశలో, 1765లో మొదలుపెట్టి మరణం దాకా రాశాడు. ఇంగ్లీషు వర్తకుల వేస్ట్ బుక్ పద్ధతి ఆయనకి నచ్చింది. రోజంతా జరిగిన కొనుగోళ్ళూ అమ్మకాలూ వర్తకుడు ముందు ఒక పుస్తకంలో వరస లేకుండా గిలికేస్తాడు, తర్వాత వేరే పుస్తకంలో క్రమంగా ఎక్కిస్తాడు, ఆపైన ఖాతాల వారీగా పెద్ద పుస్తకంలోకి దించుతాడు. మన కోమటి దుకాణాల్లో చిట్టా, ఆవర్జా వుండేవి, అలాగే. లిచ్టెన్‌బెర్గ్ తన ఆలోచనలకి చిట్టా పెట్టాడు. భౌతికశాస్త్ర ప్రశ్న, వీధిలో విన్న తిట్టు, కల, ఒక నవల ఊహ, చదివిన పుస్తకం మీద రెండు ముక్కలు, అన్నీ ఒకే పుటమీద. అయితే ఏమవుతుంది అని ఊహించి అడిగే వాక్యాలు వాటిలో లెక్కలేనన్ని. తీర్పులు తక్కువ, పరీక్షకి పెట్టినవి ఎక్కువ. ఆవర్జాకి ఎక్కినవి కొన్నే. రాయాలనుకున్న నవల రాలేదు. సూక్తికర్తగా ఆయన్ని ఇవాళ చదువుతున్నాం గాని, ఆయన సూక్తులు రాయలేదు. అవి చిట్టాలో మిగిలిపోయిన పద్దులు. మన యువ రచయితలు చాలామంది నేరుగా ఆవర్జా రాయడానికి కూర్చుంటారు, చిట్టా లేకుండా. అప్పుడు పద్దులు ఎక్కడినుంచి వస్తాయి? ఎదుటివాడి పుస్తకంలోంచి వస్తాయి: బానపొట్ట, మెల్లకన్ను, బుర్రమీసాలు.

1799 ఫిబ్రవరి 24న గోటింగెన్‌లో చనిపోయాడు. మరుసటి ఏడాది నుంచి ఆయన రచనల సంపుటాలు వచ్చాయి, అందులో నోటుపుస్తకాల నుంచి ఏరినవి చేరాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లైట్జ్‌మన్ అనే పండితుడు మూలప్రతులు వెతికి పట్టుకుని ఉన్నవి ఉన్నట్టు అచ్చువేశాడు. ఫ్రాయిడ్ 1905లో హాస్యం మీద రాసిన పుస్తకంలో ఆయన చతురోక్తులే ఉదాహరణలుగా చాలా వాడుకున్నాడు. వాల్టర్ బెన్యమిన్ ఆయనమీద ఒక రేడియో నాటకం రాసి 1933 మొదట్లో పూర్తిచేశాడు. ముక్కులు కొలిచి మనుషుల్ని వేరుచేసే ప్రభుత్వం అప్పుడే బెర్లిన్‌లో గద్దెనెక్కింది, నాటకం ప్రసారం కాలేదు. నోటుపుస్తకాలకి ఆయన ఆంగ్ల అక్షరమాల వరసలో ఎ నుంచి ఎల్ దాకా గుర్తులు పెట్టుకున్నాడు. వాటిలో జి, హెచ్ రెండూ, కె చాలాభాగమూ ఇప్పటికీ దొరకలేదు.